క్యాచర్ పేరు మీద స్కాలర్‌షిప్: కెప్టెన్‌కే ఇవ్వాలా?

ప్రశ్న: మాది అనంతపురం. కాలేజీలో కలిసి సాఫ్ట్‌బాల్ ఆడినోళ్ళం పదకొండు మందిమి. మా క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆమె) మూడేండ్ల కిందట ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఆమె పేరు మీద, ఆడుకుంటూ చదువుకునే అమ్మాయిలకు ఏటా స్కాలర్‌షిప్ ఇద్దామని చందాలేసుకుంటే 4,20,000 రూపాయలు పోగయింది. నా పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినాం. ‘నాయకత్వ లక్షణాలున్న క్రీడాకారిణికి’ అని రాసుకున్నాం. రెండేండ్లు వర్ధంతి రోజున ఇచ్చినాం, రెండుసార్లూ కెప్టెన్లకే పోయింది. మొదటామె ఆ వేసవికే చదువు మానేసింది. రెండో అమ్మాయి మాలో ఒకరికి బంధువని తెలిసి గ్రౌండ్‌లో గొడవైంది, పైగా డబ్బు ఆమె ఖాతాలో పడకుండా వెనక్కొచ్చింది. నాయకత్వాన్ని ఎట్ల కొలవాల? ఎంతియ్యాల? అమెరికాలో ఉన్న మా సీనియర్ ఒకామె 2 లక్షలు పంపుతానంటోంది, తీసుకోవచ్చా? చనిపోయిన మా క్యాచర్ నాయన కమిటీలో కూర్చుంటానంటున్నాడు, కాదనలేకపోతున్నాం. కూతురి మిట్‌ను (క్యాచర్ తొడుక్కునే తోలు గ్లోవ్) కూడా గెలిచిన అమ్మాయికి ఇచ్చేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: ముందు ఫిబ్రవరిలో డబ్బు ఇవ్వడం ఆపేయండి. మీరు ఆ మాట అడగలేదు. కానీ మీకొచ్చిన ఇబ్బందుల్లో ఒకటి నేరుగా అక్కడి నుంచే వచ్చినట్టుంది. ఫిబ్రవరికి ఆటల సీజను అయిపోయి ఉంటుంది, పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. ఆ నెలలో చేతికొచ్చిన పదివేలు ఇంట్లో ఏదో ఒక బాకీకి పోతాయి. ఇల్లన్నాక అంతే, ఎవరినీ తప్పు పట్టలేం. అమ్మాయి చదువుకు అసలు ఖర్చు జూన్‌లో మొదలవుతుంది. మన జిల్లాలో జూన్, జూలై అంటే శెనక్కాయ విత్తే కాలం. విత్తనాలకు, ఎరువుకు, సేద్యానికి ఉన్న రూపాయలన్నీ చేనుకే పోతాయి. పంట ఇంటికొచ్చేది అక్టోబరు, నవంబరులో, అదీ వాన కరుణిస్తే. ఆ మధ్యలో అడ్మిషన్, బస్సు పాసు, బూట్లు అన్నీ ‘చూద్దాంలే’ అయిపోతాయి. మొదటామె వేసవిలో చదువు మానేసిందంటే ఫిబ్రవరి డబ్బు జూన్ దాకా నిలవలేదనే అర్థం చేసుకోవాలి.

వర్ధంతి రోజును వదులుకోనక్కర్లేదు. ఆ రోజు పేర్లు తీసుకోండి, డబ్బు జూన్‌లో ఇవ్వండి. సంక్రాంతి సెలవులయ్యాక బడులకు, హాస్టళ్ళకు ఒక పేజీ నోటీసు పంపండి. అప్పటికి మండలం, జిల్లా, రాష్ట్ర స్థాయి స్కూల్ గేమ్స్ చాలావరకు అయిపోయి ఉంటాయి, ఎవరు ఎట్లా ఆడారో అందరికీ గుర్తుంటుంది. వర్ధంతి రోజుకు దరఖాస్తులు ముగించండి. మార్చి, ఏప్రిల్ పరీక్షలకు వదిలేసి మే మొదటి రెండు వారాల్లో పిలిచి మాట్లాడండి. మాట్లాడేది పొద్దున 8 గంటలకే పెట్టుకోండి. మే నెల ఎండలో మధ్యాహ్నం బస్సెక్కి రమ్మంటే దూరపు మండలాల పిల్లలే రాకుండా పోతారు. జూన్‌లో అడ్మిషన్ రసీదు చూపించగానే మొదటి విడత వేయండి.

ఇక ఎవరికి అన్నది. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎవరైనా సరే అని తెరిచిపెడితే మీ దగ్గరున్న మొత్తం ఆవగింజంత అయిపోతుంది. ఒక మలుపు దగ్గర నిలబడండి. మా దృష్టిలో ఆ మలుపు పదో తరగతి దాటి ఇంటర్‌లోనో డిప్లొమాలోనో చేరే చోటు. బడిలో పీఈటీ (వ్యాయామ) సారు ఉంటాడు, గ్రౌండు ఉంటుంది. ఇంటర్‌కు వచ్చేసరికి చాలా ప్రైవేటు కాలేజీలకు గ్రౌండే ఉండదు, ఉన్నా స్టడీ అవర్ వదలరు. అండర్-17 దాకా బాగా ఆడిన అమ్మాయి అండర్-19కు కనిపించకుండా పోయేది ఇక్కడే. పదిలో ఉండగా ఎంపిక చేసి, ఇంటర్ రెండేళ్ళూ తోడుండేటట్టు పెట్టుకోండి.

ఇప్పుడు నాయకత్వం సంగతి. రెండుసార్లూ కెప్టెన్లకే పోయిందంటే ఆశ్చర్యం లేదు. మీ ప్రకటనలో ‘నాయకత్వం’ అని ఉంది, దానికి రుజువుగా కాగితం మీద దొరికేది కెప్టెన్ అన్న మాట ఒక్కటే. కెప్టెన్‌ను సారు పెడతాడు. బాగా ఆడుతుందని పెట్టొచ్చు, పెద్ద తరగతి అని పెట్టొచ్చు, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుందనీ పెట్టొచ్చు. టాస్‌కు వెళ్ళడం, అంపైర్‌తో మాట్లాడడం ఆమె పని. జట్టును నడిపేది ఆమే కావచ్చు, ఇంకొకరూ కావచ్చు.

మీ స్నేహితురాలు క్యాచర్ అన్నారు కదా, ఆ స్థానాన్నే కొలమానంగా పెట్టుకోండి. మైదానంలో మిగతా ఎనిమిది మందీ బ్యాటర్ వైపు చూస్తుంటే, తొమ్మిదో మనిషి క్యాచర్ ఒక్కతే మైదానమంతా ఎదురుగా పెట్టుకుని కూర్చుంటుంది. ఆడవాళ్ళ ఆటలో పిచర్ (బంతి విసిరే ఆమె) నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కు 43 అడుగులు, రన్నర్ ఒకదాని తరువాత ఒకటి చేరాల్సిన బేసుల మధ్య 60 అడుగులు. అంత చిన్న మైదానంలో బంతి తగిలాక ఆలోచిద్దామంటే రన్నర్ బేసు చేరిపోతుంది. ‘ఒక అవుట్, ఫస్ట్ బేస్‌లో రన్నర్, బంతి నేల మీద వస్తే సెకండ్ బేస్‌కు’ అన్న మాట పిచ్‌కు, అంటే పిచర్ బంతి విసరడానికి, ముందే వినపడాలి. కాబట్టి నాయకత్వం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బంతి ఆడుతున్నప్పుడు చూసేదానికంటే పిచ్‌కూ పిచ్‌కూ మధ్య ఉండే పది పదిహేను సెకన్లలో వినాల్సింది ఎక్కువ. ఎవరి గొంతు వినపడుతోంది? ఆ గొంతు విన్నాక మిగతావాళ్ళు కాళ్ళు కదుపుతున్నారా? వరసగా ఇద్దరికి వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కు ఊరికే దొరికే ఫస్ట్ బేస్) ఇచ్చి పిచర్ తల వంచుకున్నప్పుడు ఎవరు దగ్గరికెళ్ళారు? ఇన్‌ఫీల్డ్ (బేసుల చుట్టూ ఉండే లోపలి భాగం) మీద బంతి గాల్లోకి లేచి ముగ్గురు దాని కిందికి పరిగెత్తుతుంటే ‘నాది’ అని అరిచిందెవరు, ఆ అరుపు విని ఆగిందెవరు? ఆగడం కూడా రాసుకోండి, జట్టులో అదేం చిన్న గుణం కాదు.

స్కోరు పుస్తకంలో కనిపించని పనులు సాఫ్ట్‌బాల్‌లో చాలా ఉన్నాయి. మైదానంలో వెనక కుడివైపు నిలబడే రైట్ ఫీల్డర్‌ను తీసుకోండి. చిన్న జట్లలో బలహీనంగా ఆడే పిల్లను అక్కడ నిలబెడతారు. ఇన్‌ఫీల్డ్‌లో బంతి నేల మీద దొర్లి ఫస్ట్ బేస్‌కు విసురుతున్న ప్రతిసారీ రైట్ ఫీల్డర్ ఫస్ట్ బేస్ వెనక్కి ఉరకాలి, విసురు తప్పితే ఆపడానికి. పదిసార్లు ఉరికితే తొమ్మిదిసార్లు బంతి రాదు. స్కోరర్ ఆ తొమ్మిదింటినీ ఎక్కడా రాయడు. ఎవరూ చూడరని తెలిసీ చివరిదైన ఏడో ఇన్నింగ్స్‌లో కూడా ఉరికే అమ్మాయి కనపడితే పేరు కనుక్కోండి.

బెంచీని కూడా గమనించండి. ఈ ఆటలో మొదటి జాబితాలో ఉన్న క్రీడాకారిణిని బయటికి పిలిచినా, ఒకసారి తిరిగి ఆటలోకి రావచ్చు, బ్యాటింగ్ వరుసలో తన స్థానంలోనే. అంటే బయట కూర్చున్నంత మాత్రాన ఆమె పని అయిపోలేదు. గ్లోవ్ తీసి మూలకు విసిరేసి ఫోను పట్టుకుందా, గ్లోవ్ ఒళ్ళో పెట్టుకుని అవతలి పిచర్ చేతిని చూస్తూ పక్కనున్న చిన్నపిల్లకు ఏదో చెబుతోందా? ఈ ఒక్క దృశ్యం మూడు సిఫార్సు ఉత్తరాలకు సమానం.

ఒక జాగ్రత్త. శాక్రిఫైస్ బంట్‌ను (తాను అవుటైనా రన్నర్ ముందుకు పోయేటట్టు బంతిని మెల్లగా ఆనించడం) చూసి ‘జట్టు కోసం అవుట్ అయింది’ అని పొంగిపోకండి. చాలాసార్లు అది మూడో బేస్ దగ్గర నిలబడిన కోచ్ సైగ. ఆ తెలివి కోచ్‌ది, అమ్మాయిది అమలు. అట్లాగే పిచర్ల వైపు మనసు లాగుతుంది, ఎందుకంటే బంతి వాళ్ళ చేతిలోనే ఎక్కువసేపు ఉంటుంది. మంచి పిచర్‌కు ట్రోఫీలు ఎట్లాగూ వస్తాయి.

సిఫార్సు ఉత్తరాల విషయానికొద్దాం. ‘క్రమశిక్షణ గల విద్యార్థిని, మంచి నాయకత్వ పటిమ కలది’ అని ఒకే అచ్చులో ఇరవై వస్తాయి. వాటిని అడగడమే మానేసి నాలుగు ప్రశ్నల కాగితం పంపండి. ఈ ఏడాది జట్టు ఓడిన మ్యాచ్ ఒకటి చెప్పండి, ఆ రోజు ఈ అమ్మాయి ఏం చేసింది? జట్టులో కొత్తగా చేరిన పిల్లకు ఈమె నేర్పినదేమిటి, ఆ పిల్ల ఏ తరగతి? ఈమె చేసిన పొరపాటు ఒకటి, ఆ తరువాత ఏం చేసింది? ఈమె రాని రోజు ప్రాక్టీసులో ఏ పని ఆగిపోతుంది? ఈ నాలుగో ప్రశ్న చిన్నదే గానీ అబద్ధం చెప్పడం కష్టం. బంతులు లెక్కపెట్టి సంచిలో వేసేది, బేసులు పీకి కడిగేది, హాస్టల్ గేటు దగ్గర సంతకం పెట్టించి చిన్నపిల్లలను తీసుకొచ్చేది ఎవరో అక్కడ బయటపడుతుంది.

ఈ కాగితాన్ని ముగ్గురు నింపాలి. పీఈటీ ఒకరు. ఆటతో సంబంధం లేని టీచరో హాస్టల్ వార్డెనో ఒకరు. మూడో మనిషి జట్టులో ఆమె కంటే చిన్నదై ఉండాలి. చిన్నవాళ్ళ మాట తప్పనిసరి, ఎందుకంటే పై నుంచి చూసేవాళ్ళకు చురుగ్గా కనపడే పిల్ల కింద ఉన్నవాళ్ళను ఏడిపిస్తుండొచ్చు. ఎనిమిదో తరగతి పిల్ల వంకర టింకర అక్షరాలతో రాసిన నాలుగు వాక్యాలను అచ్చుతప్పులు చూడకుండా చదవండి.

పీఈటీ సంతకం లేకపోతే దరఖాస్తు చెల్లదు అనే నిబంధన మాత్రం పెట్టకండి. ఒక్క మనిషి చేతిలో తాళంచెవి పెట్టినట్టవుతుంది. ఎక్కువమంది సార్లు మంచివాళ్ళే, కానీ ‘నా మాట వింటేనే రాస్తా’ అనే చోటు ఆడపిల్లలకు ప్రమాదం. ఆయన రాయకపోతే హెడ్మాస్టరో వార్డెనో రాసినా సరే అని నోటీసులోనే వేయండి. ఇదే కారణంతో డబ్బు ఎప్పుడూ కోచ్ చేతుల మీదుగా పోకూడదు, కిట్టు రూపంలో కూడా. అమ్మాయిలను పిలిచి మాట్లాడేటప్పుడు గదిలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, తలుపు తెరిచుండాలి.

మార్కుల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఆటకు 40, చదువుకు 30, నాయకత్వానికి 20, పేదరికానికి 10 అని పంచడం. అట్లా పంచితే నేషనల్స్ ఆడినామెకు ఆట మార్కులు నిండుగా పడి, నాయకత్వంలో సున్నా వచ్చినా ఆమే గెలుస్తుంది. ఆట, చదువు, అవసరం ఈ మూడింటినీ గడపలుగా పెట్టండి. జిల్లా స్థాయిలో ఆడినట్టు సర్టిఫికెట్ ఉందా? హాజరు 75 శాతం ఉందా? ఇంట్లో బియ్యం కార్డు ఉందా? మూడు గడపలూ దాటినవాళ్ళంతా సమానం, అక్కడి నుంచి పోటీ నాయకత్వంలో మాత్రమే. బియ్యం కార్డుకు ప్రభుత్వమే నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల ఆదాయ పరిమితి పెట్టింది కాబట్టి మళ్ళీ మీరు ఆదాయ ధ్రువపత్రం అడిగి వాళ్ళను తిప్పనక్కర్లేదు. ‘వేరే స్కాలర్‌షిప్ తీసుకోకూడదు’ అన్న షరతు ఉంటే కొట్టేయండి. ఏదో ఒక ప్రభుత్వ సాయం అందని పేద పిల్ల దొరకడం కష్టం, పైగా అది ఫీజుకే సరిపోతుంది. బస్సుకు, బూట్లకు, పుస్తకాలకు, టోర్నమెంటు దారిఖర్చులకు అది రాదు, మీరిచ్చేది వాటికి.

నాయకత్వానికి 100 మార్కులనుకుంటే కాగితాలకు 40, గ్రౌండ్‌లో చూసినదానికి 40, మాట్లాడినదానికి 20 పెట్టండి. కాగితాల్లో ఒక్కో సంగతికి సున్నా నుంచి మూడు దాకా వేసి, చివర 40కి లెక్కగట్టండి. పొగడ్త మాత్రమే ఉంటే సున్నా. సంగతి ఉంది గానీ ఎప్పుడో ఎక్కడో లేదంటే ఒకటి. మ్యాచ్, నెల, చేసిన పని ఉంటే రెండు. అదే సంగతిని ఇంకొకరు విడిగా రాసి ఉంటే మూడు. కమిటీలో ఎవరి మార్కులు వారు వేసి కవర్లో పెట్టాకే చర్చ మొదలవ్వాలి. ముందే మాట్లాడుకుంటే పెద్ద గొంతు ఉన్నవాళ్ళ మార్కే అందరి మార్కవుతుంది. గ్రౌండ్‌కు వెళ్ళడం చివరి ఆరుగురు ఏడుగురి కోసమే. ఫిబ్రవరి రెండో సగంలో, పదో తరగతి పిల్లలు పరీక్షల గదుల్లోకి పోకముందే, ఒక్కొక్కరిని గంటన్నర ప్రాక్టీసులో చూడండి. ఫలానా రోజు వస్తున్నామని సారుకు చెప్పండి, ఏ అమ్మాయిని చూడ్డానికో చెప్పకండి.

కమిటీ ఐదుగురు చాలు. మీ పదకొండు మందిలో ఇద్దరు, ఏ జట్టుకూ కోచ్ కాని ఫిజికల్ డైరెక్టర్ ఒకరు, ఒక టీచరు, ఆటతో ఏ సంబంధమూ లేని బయటి మనిషి ఒకరు. దరఖాస్తులు అందిన రోజే పేర్ల జాబితా చదివి, ‘వీరిలో మీ చుట్టాలు, మీ బడి పిల్లలు, మీ ఊరి పిల్లలు ఎవరైనా ఉన్నారా’ అని అడిగి పుస్తకంలో రాయించుకోండి. ఉంటే ఆ ఏడాది ఆ సభ్యురాలు పక్కకు జరగాలి, బంధువును దరఖాస్తు పెట్టొద్దనడం కాదు. మీ రెండో అమ్మాయి నిజంగా యోగ్యురాలే కావచ్చు. గొడవ బంధుత్వం వల్ల రాలేదు, అది చివర్లో బయటపడడం వల్ల వచ్చింది.

మీ స్నేహితురాలి నాయన గురించి అడగడానికి మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఆయనకు ఓటు ఇవ్వకండి. ఏ పిల్లను చూసినా ఆయనకు కూతురే కనపడుతుంది, ఐదుగురు ఏడ్చే అమ్మాయిల్లో నలుగురిని కాదనమని ఆయన్ను అడగడం న్యాయం కాదు. పైగా ఊర్లో ‘మీ చేతిలో పనే కదా’ అని ఇంటికొచ్చేవాళ్ళు మొదలవుతారు. చెప్పేటప్పుడు ‘నియమం ఒప్పుకోదు’ అనకండి, ఆ ఇంటికొచ్చేవాళ్ళ మాటే చెప్పండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది. ఓటు కాకుండా రెండు పనులు ఆయనవి చేయండి. ఫిబ్రవరిలో చివరి దరఖాస్తు కవరు ఆయన చేతికి రావాలి, జూన్‌లో ఉత్తరం ఆయన సంతకంతో అమ్మాయి ఇంటికి పోవాలి. మీ స్నేహితురాలి ఫొటో, పేరు వాడుకోవడానికి ఆయనదీ, ఆమె తల్లిదీ ఒప్పుకోలు ఒక కాగితం మీద రాయించుకోండి. ఇప్పుడది అనవసరమనిపిస్తుంది, పదేళ్ళ తరువాత కమిటీ మారినప్పుడు పనికొస్తుంది.

ఎంత ఇవ్వాలన్నది లెక్క చూసుకుంటే తేలుతుంది. 4,20,000కు 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 29,400. ఏటా ఒక అమ్మాయిని ఎంపిక చేసి రెండేళ్ళ పాటు ఏడాదికి 12,000 చొప్పున ఇస్తే, రెండో ఏడాది నుంచి ఎప్పుడూ ఇద్దరు నడుస్తుంటారు, అంటే 24,000. మిగిలిన 5,400లో 2,000 తపాలా, జిరాక్సు, దారిఖర్చులకు పోగా 3,400 అసలులో కలపండి. వడ్డీ 6 శాతానికి పడిపోయినా 25,200 వస్తుంది కాబట్టి మాట తప్పే పరిస్థితి రాదు. ‘ఈసారి ఇద్దరూ సమానంగా ఉన్నారు, ఇద్దరికీ ఇద్దాం’ అన్న ఉదారత ఒక్కసారి చూపితే రెండేళ్ళ పాటు అసలు తినాల్సొస్తుంది. అట్లాంటప్పుడు రెండో అమ్మాయికి ఆ ఏడాదికి విడిగా చందా వేసుకోండి.

12,000ను జూన్‌లో 8,000, డిసెంబరులో 4,000గా విడగొట్టండి. రెండో విడతకు అడగాల్సింది హాజరు కాగితం, అమ్మాయి స్వయంగా రాసిన అర పేజీ ఉత్తరం, అంతే. పతకాలు అడగకండి. మోకాలో భుజమో దెబ్బతిని ఆ ఏడాది ఆడలేకపోయినా డబ్బు ఆగకూడదు, ఆ మాట నిబంధనల్లోనే రాయండి. లేకపోతే పిల్లలు దెబ్బ దాచి ఆడతారు.

డబ్బు వెనక్కి రావడం గురించి. మీ జిల్లాలో దీనికి ఒక ప్రత్యేకమైన కారణం ఉండొచ్చు. కడప ప్రధాన కేంద్రంగా ఉండిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పల్లెల్లో చాలా ఇళ్ళలో ఇంకా పాత పాస్‌బుక్కే ఉంటుంది, దాని మీదున్న పాత ఐఎఫ్‌ఎస్‌సీ నంబరే దరఖాస్తులో రాస్తారు. బ్రాంచిలో ఇప్పటి నంబరు అడిగి రాయమనండి. రెండేళ్ళకు మించి వాడకపోతే ఖాతా పని చేయని ఖాతాల్లోకి పోతుంది, మళ్ళీ కేవైసీ ఇస్తే తప్ప డబ్బు తీయనివ్వరు. చెక్కు ఇచ్చేటట్టయితే ఇంటిపేరు, పొట్టి పేరు తేడాలు కొంప ముంచుతాయి. బడి రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్న పిల్లలు బోలెడు. పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు తీసుకుని, మొదట ఒక్క రూపాయి పంపి, అది పడిందని అమ్మాయి చెప్పాకే మిగతాది పంపండి. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు అనుమతించింది, బ్రాంచి తన పద్ధతిని బట్టి ఇస్తుంది. కుదరకపోతే తల్లి గార్డియన్‌గా ఉన్న ఖాతా మేలు.

మీ పేరు మీదున్న డిపాజిట్‌ను ఈ ఏడాదే మార్చండి. కాగితం ప్రకారం ఆ డబ్బు మీ సొంతం. వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. ఏడాది వడ్డీ 50,000 దాటలేదని బ్యాంకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోయకపోవచ్చు, అంతమాత్రాన పన్ను లేదని కాదు. మీకేమైనా అయితే నామినీ దగ్గరికి పోయే ఈ మొత్తం గురించి మీ వారసులను పదిమంది స్నేహితులు అడగాల్సొస్తుంది. పదకొండు మంది ఉన్నారు కాబట్టి సొసైటీగా రిజిస్టర్ చేసుకోవడం మీకు సరిపోతుందని మా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు ఉంటే చాలు, పని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో. ట్రస్టు కూడా పెట్టుకోవచ్చు గానీ అది మొదట పెట్టినవాళ్ళ చుట్టూ తిరుగుతుంది. సొసైటీలో పదవులు మారతాయి, ఏటా లెక్క అందరి ముందూ పెట్టాలి. పాన్ తీసుకుని, ముగ్గురిలో ఎవరైనా ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా తెరవండి. మీరు చదివిన కాలేజీకే ఎండోమెంట్‌గా (శాశ్వత నిధిగా) అప్పగించడం సులువైన దారే, కానీ మీ అమ్మాయిలు వేర్వేరు బడుల నుంచి వస్తారు, కాలేజీకి ఆ పని అతకదు. దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ కోసం ఇప్పుడే పరిగెత్తకండి, బయటి దాతలు అడిగినప్పుడు చూడొచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు వేరు, పాత నమూనాలు చూసి నింపకుండా ఆడిటర్‌తో చేయించండి.

అమెరికాలో ఉన్న మీ సీనియర్‌ను అడగాల్సింది ఒకటే ప్రశ్న: పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పాస్‌పోర్టే అయితే తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు, తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి కూడా ముట్టకూడదు. ‘మా తమ్ముడి ఖాతాకు పంపి వాడితో ఇప్పిస్తాలే’ అంటారు, మంచి మనసుతోనే. ఒప్పుకోకండి. సెలవులకు వచ్చినప్పుడు ఒక రోజు గ్రౌండ్‌లో పిల్లలకు పిచింగ్ నేర్పమనండి.

గ్లోవులు కొనిద్దామన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒక్క మాట. పదీ ఒకే రకం కొనకండి. ఎడమ చేత్తో విసిరే పిల్లకు కుడి చేతికి తొడిగే గ్లోవ్ కావాలి, టోకున తెచ్చిన సంచిలో అది ఉండదు. కొత్త తోలు మెత్తబడడానికి కొన్ని వారాల క్యాచింగ్ పడుతుంది, సెలెక్షన్‌కు ముందు రోజు ఇస్తే ఆ పిల్ల క్యాచులు వదులుతుంది. బ్యాట్లు జట్టువి, స్కాలర్‌షిప్‌తో పెట్టుకోకండి. కొనాల్సే వస్తే లావు 2¼ అంగుళాలు దాటకుండా చూడండి. బేస్‌బాల్ బ్యాటును సాఫ్ట్‌బాల్‌దని అంటగడతారు, దాన్ని అంపైర్ పక్కన పెట్టేస్తాడు.

చివరికి ఆ మిట్. గెలిచిన అమ్మాయికి ఇవ్వొద్దు. ఆమె క్యాచర్ కాకపోవచ్చు, ఎడమచేతి వాటం కావచ్చు. ఆడితే అరుగుతుంది, ఆడకపోతే ఆ పిల్లకు అదొక బరువు. ఆ నాయన ఈ రోజు ఇచ్చేయమంటున్నాడు గానీ రెండేళ్ళ తరువాత ఒక సాయంత్రం చూడాలనిపిస్తే ఎవరింటికి పోతాడు? వాళ్ళింట్లోనే ఉండనివ్వండి, ఏటా ఫిబ్రవరిలో దరఖాస్తుల కవర్ల పక్కన ఆ ఒక్క రోజు పెట్టండి. మన ఎండలకు తోలు ఎండి పగుళ్ళు తీస్తుంది. కిటికీ పక్కన పెట్టొద్దని, ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దని చెప్పండి. ఆరు నెలలకోసారి మెత్తని గుడ్డతో తోలు నూనె రెండు మూడు చుక్కలు పలచగా రుద్దాలి, ఎక్కువైతే బరువెక్కి సాగిపోతుంది. లోపల ఒక సాఫ్ట్‌బాల్ పెట్టి, మిట్‌ను దాని చుట్టూ మూసి, వదులుగా ఒక గుడ్డ పీలికతో కట్టి ఉంచితే ఆమె చేతికి అలవాటైన గుంట అట్లాగే ఉంటుంది.